రంగుల్లేని కార్డు

లక్ష్మప్పకు అనుమానం ఎవరో నేర్పింది కాదు, పుట్టుకతో వచ్చింది. టీ అంగట్లో గ్లాసు చేతికొస్తే ముందు వాసన చూస్తాడు. దారిన పోయేవాడు నవ్వి పలకరిస్తే, ఇంటికి పోయి కాళ్ళు కడుక్కునేదాకా వీడెందుకు నవ్వాడబ్బా అని ఆలోచిస్తూనే ఉంటాడు. అట్లాంటి మనిషితో శ్రీపాదరావు, ఎనభై తొమ్మిదో సంవత్సరం శ్రావణమాసంలో ఒకనాడు, చాలా మామూలుగా ఒక మాట అనేశాడు. సంఘం కంప్యూటరుకు రంగుల కార్డు వద్దట. నలుపూ తెలుపూ చూపించేదే కొందామట.

రెంటికీ ధర ఒకటే. ఊళ్ళో డబ్బున్నవాళ్ళు నలుపు తెలుపు టీవీలు తీసేసి రంగుల టీవీలు తెచ్చుకుంటున్న రోజులవి. అదే ధరకు రంగులు వస్తుంటే వద్దనేవాడు పిచ్చివాడన్నా కావాలి, లోపల ఏదో ముట్టినవాడన్నా కావాలి. శ్రీపాదరావు పిచ్చివాడు కాదు. ఆ సంగతి ఏడాదిగా పక్కబల్ల దగ్గర కూర్చుంటున్న లక్ష్మప్పకు బాగా తెలుసు.

ఎమ్మిగనూరులో నేతగాళ్ల సంఘం అనగానే అందరికీ పెద్ద సంఘమే గుర్తొస్తుంది. ఇది అది కాదు. మూడు వీధుల మగ్గాలు కలిసి పెట్టుకున్న చిన్న సంఘం, దానికి రంగన్న ప్రెసిడెంటు. లక్ష్మప్ప అక్కడ డిజైన్ మాస్టరు. చీరె అంచులో నెమలి రావాలంటే ముందు ఆయన గళ్ళ కాగితం మీద ఆ నెమలిని గడి గడిగా నింపాలి. గడికొక పోగు. ఆ నక్షా చూసి ఏసన్న అట్టలకు బెజ్జాలు కొడతాడు, ఆ అట్టలు బెజ్జాల ప్రకారం పోగులు లేపే జకార్డు మగ్గం మీదికి ఎక్కుతాయి. నక్షాలో ఒక్క గడి తప్పితే వంద చీరెల్లో నెమలికి మెడ వంకరపోతుంది. ముప్పై ఏళ్ళలో లక్ష్మప్ప నెమలికి మెడ వంకరపోలేదు, అది ఆయన గర్వం. ఆ గర్వం ఆయన దాచుకునేవాడు కాదు.

దాచుకున్నది వేరే ఉంది. మూడేళ్ళుగా ఆయనకు గళ్ళు కనిపించడం లేదు.

మొదట కాగితం పాడైందనుకున్నాడు. తర్వాత సంఘం వాళ్ళు నాసి కాగితం కొంటున్నారని అనుమానించాడు. చివరికి ఎవరికీ చెప్పకుండా ఆదోనికి పోయి కళ్ళ డాక్టరుకు చూపించుకుంటే, కంటి వెనక పొర అరిగిపోతోందని, అద్దాలతో బాగయ్యేది కాదని తేలింది. మనుషులు కనిపిస్తారు, గోడలు కనిపిస్తాయి, దగ్గరగా పెట్టుకుంటే లావుపాటి అక్షరాలు కనిపిస్తాయి. సన్నగీత మాత్రం కాగితంలోకి ఇంకిపోతుంది. ఇంట్లో భార్య పెద్దమ్మకు తప్ప ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే బల్ల పోతుంది. గళ్ళు కనపడని మనిషిని ఎవరు ఉంచుకుంటారు? ఆదోనిలో నక్షాలు కాంట్రాక్టుకు గీసి ఇచ్చేవాళ్ళు ఇప్పటికే రంగన్న చుట్టూ తిరుగుతున్నారు. బల్ల పోతే మగ్గం మీదన్నా కూర్చుందామంటే దానికీ కళ్ళే కావాలి.

అందుకని ఆయన ఒక ఉపాయం పట్టాడు. చొక్కా అంచులో ఒక సూది గుచ్చుకుని ఉంటాడు. కొత్త గళ్ళ కాగితం రాగానే ఇంటికి తీసుకుపోయి, పెద్దమ్మ చేత గళ్ళు లెక్కపెట్టించి, ఎనిమిది గళ్ళకొకటి చొప్పున అంచు పొడుగునా సూదితో బెజ్జాలు పెట్టుకుంటాడు. తర్వాత వేలి కొసతో ఆ బెజ్జాలు తడుముకుంటూ నింపుకుపోతాడు. ఇదేంది మాస్టరూ అని ఏసన్న ఒకసారి అడిగితే, కొత్త పద్ధతి, నీకు తెలీదులే అన్నాడు. ఏసన్న నమ్మాడు. ఒక్క నక్షాకు పట్టే రోజులు మూడింతలయ్యాయి గానీ, మెడ మాత్రం వంకరపోలేదు.

కంప్యూటరు వచ్చేసరికి ఆయనకు ఆశ పుట్టింది, దాంతోపాటే భయమూ పుట్టింది. సర్కారు ఏదో పథకం కింద ఇచ్చిన మిషను అది. దాన్ని నడిపేందుకు శ్రీపాదరావును ఏడాదికని వేసుకున్నారు. మంత్రాలయం మఠంలో కొలువుచేసే వెంకోబారావు కొడుకు, బెంగళూరులో చదువుకుని వచ్చాడు. తెరమీదనే గళ్ళు గీసి, తెరమీదనే నింపేలాగా చేస్తానని అన్నాడు. గడి ఎంత పెద్దది కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చట. ఆ మాట విన్న రోజు లక్ష్మప్ప ఇంటికి పోయి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. కానీ ఉన్న తెరమీద అక్షరాలు తప్ప గీతలు రావు. గీతలు రావాలంటే మిషను లోపల ఒక కార్డు దూర్చాలి, చేతి వెడల్పున పచ్చటి పలక. ఒక్కటే కొనగలం, రెండోది అడగొద్దు అని రంగన్న ముందే చెప్పేశాడు.

ఆ ఒక్కటి ఏది కొనాలన్నదే గొడవ. మన మిషనును నడిపించే ప్రోగ్రాము అందరి దగ్గరా ఉండేది కాదని, దాని పేరు యూనిక్స్ అని శ్రీపాదరావు విడమరిచి చెప్పాడు. బజారులో దొరికే కార్డులన్నీ ఆ అందరి దగ్గరా ఉండేదానికోసం చేసినవేనట. వాటిని దీనితో మాట్లాడించాలంటే కార్డు లోపల ఏ గడిలో ఏముందో చెప్పే పుస్తకం కావాలి. రంగుల కార్డువాళ్ళు ఆ పుస్తకం ఇవ్వరు, ఏం కావాలన్నా మా మనిషి వచ్చి చేసిపోతాడంటారు. నలుపు తెలుపు కార్డుతో మాత్రం పుస్తకం వస్తుంది.

"నక్షా లేని అట్టలు కొనొద్దని మీరే గదన్నా అందరికీ చెప్పేది," అన్నాడు శ్రీపాదరావు చివర్లో. "ఇదీ అంతే."

మాట నిజమే. పదిహేనేళ్ళ కిందట, ఊరి పేరెందుకు గానీ, సంఘం వాళ్ళు ఒక మేస్త్రీ దగ్గర బెజ్జాలు కొట్టిన అట్టలు మాత్రం కొని, వాటి నక్షా అడగలేదు. ఎలుక రెండట్టలు కొరికింది. ఏ బెజ్జం ఎక్కడుందో చెప్పేవాడు లేక, ఆ మేస్త్రీ కనికరించి వచ్చేదాకా మగ్గం ఇరవై రోజులు నిలబడిపోయింది. ఆనాటి నుంచీ లక్ష్మప్ప కనపడినవాడికల్లా ఈ ముక్క చెబుతూనే ఉన్నాడు. అయినా ఆ మాట శ్రీపాదరావు నోట వినగానే ఆయనకు ఒళ్ళు మండింది. సాయంత్రం పెద్దమ్మ దగ్గర కక్కేశాడు.

"నా మాటే నా మింద ఇసిరినాడు సూడు. సదువుకున్నోళ్ళు ఇంతే. ఈ నలుపు తెలుపు దాంట్లో ఆయనకేమో ఉండాది."

పెద్దమ్మ ఆ మాట చెవిన వేసుకోలేదు. మీకు గళ్ళు కనపడితే చాలు గదా, రంగులేం చేసుకుంటారు అంది. ఆమె అన్నది సబబే. సబబైన మాట ఇంట్లోవాళ్ళు అంటే ఎవరు వింటారు?

తర్వాత శనివారం శ్రీపాదరావు ఆదోనికి పోతున్నాడని తెలిసి, లక్ష్మప్ప కూడా వెనకాలే బయలుదేరాడు. ఎమ్మిగనూరు బస్టాండులో బస్సు బోర్డు ఆయనకు కనపడదు. అడిగితే కనపడదని తెలిసిపోతుంది. అందుకని ఎప్పుడూ ఎవరినీ అడగడు, నిలిచే చోటు చూసి ఎక్కేస్తాడు. ఆరోజు బస్సుల చోటు మారింది. కండక్టరు ఎక్కడికని అడిగితే ఆదోని అనబోయి, ముందు సీటాయన కర్నూలుకు టికెట్ తీసుకోవడం విని, నాలుక కరుచుకుని, "గూడూరు," అన్నాడు దర్జాగా. కర్నూలు దారిలో వచ్చే ఆ గూడూరులో ఆయనకు కాకి కూడా తెలియదు. అక్కడ దిగి, ఒక టీ తాగి, తిరుగు బస్సెక్కి, ఆదోని చేరేసరికి మూడు దాటింది. అడిగి ఉంటే పదికే చేరేవాడు. పోనీ, పరువు దక్కింది.

ఆదోనిలో టైపు మిషన్లు, రేడియోలు అమ్ముతూ ఈమధ్యే కంప్యూటర్లు పెట్టినవాడి పేరు బజారి. రెండు కార్డులూ అతని దగ్గరే ఉన్నాయి. లక్ష్మప్ప ఎదురుగా పత్తి బండి చాటున నిలబడ్డాడు. కాసేపటికి అంగడి మెట్ల మీదికి ఒక మనిషి వచ్చాడు. మొహం తెలియకపోయినా చంకలో గొడుగు, ఆ పొడుగు, ఆ నడక శ్రీపాదరావువే. బజారి వెనకాలే వచ్చి ఆయన చేతిలో లావుపాటి కవరొకటి పెట్టాడు.

"చాలా మేలు చేసినారప్పా బజారీ. ఇది మర్చిపోను," అన్నాడు శ్రీపాదరావు.

ఇంకేం కావాలి? లక్ష్మప్పకు లోలోపల కొంచెం సంతోషం కూడా కలిగింది. ఇంతకాలానికి ఒక అనుమానం కళ్ళెదుట, అదీ ఆ మసక కళ్ళెదుట, నిజమై నిలబడింది. శ్రీపాదరావు మలుపు తిరిగాక ఆయన అంగట్లోకి పోయి, టైపు మిషను రిబ్బను కావాలన్నాడు. ఆయనకు టైపు మిషను లేదు. ఊరకే అడిగినట్టుగా, ఇప్పుడు పోయినాయన ఎవరప్పా అని కదిపాడు.

బజారికి మాట్లాడే మనిషి దొరికితే చాలు. "ఎమ్మిగనూరు ఆయనంట, పొద్దున్నుంచీ ఈడనే ఉండె. ఇట్లాంటి గిరాకీని నేనెప్పుడూ సూడలేదన్నా. మా అమ్మ అద్దాలు అడిగి ఇప్పించుకోని, అవి పెట్టుకోని, ఆ తెరా ఈ తెరా గంటసేపు సూసినాడు. ఆయన కండ్లు బాగానే ఉండాయి. ఎందుకు సామీ అంటే నవ్వి ఊరకైనాడు."

ఈ ముక్క లక్ష్మప్పకు అంతుపట్టలేదు. అంతుపట్టనిదల్లా ఆయనకు అనుమానమే గనుక, బజారి తనను ఏమార్చడానికి కథ చెబుతున్నాడని తేల్చుకున్నాడు. ఇద్దరూ కలిసే ఉన్నారు. రిబ్బను జేబులో వేసుకుని బయటికి వచ్చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం, పెద్దమ్మ చుట్టాలింటికి పోయిన సమయం చూసి, తెల్లకాగితం ముందేసుకుని కూర్చున్నాడు. రంగన్న పేరిట ఎడమచేత్తో రాశాడు, దస్తూరీ దొరక్కుండా. కంప్యూటరాయన ఆదోని అంగడివాడితో కలిసి సంఘాన్ని ముంచుతున్నాడని, కవరు చేతులు మారడం కళ్ళారా చూసినవాళ్ళున్నారని, లావుపాటి అక్షరాలతో కాగితం నిండా రాసి, కింద "ఇట్లు, ఆకాశరామన్న" అని పెట్టాడు. వరుసలు కిందికీ మీదికీ పోతున్నాయని నడుమ ఒకసారి ఆగి సర్దుకున్నాడు. సర్దుకోవడానికి ఏం చేశాడో ఆయనకే గుర్తులేదు, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. మంగళవారం మళ్ళీ ఆదోనికి పోయి ఆ ఊరి పోస్టుడబ్బాలోనే వేసి వచ్చాడు. ముద్ర కూడా ఎమ్మిగనూరుది పడకూడదు మరి!

శుక్రవారం పదిగంటలకు రంగన్న ఇద్దరినీ తన గదిలోకి పిలిపించాడు. ఉత్తరం గట్టిగా చదివి వినిపించాడు. లక్ష్మప్ప మొదటిసారి వింటున్నవాడిలాగా తల ఊపుతూ విన్నాడు. శ్రీపాదరావు మొహంలో రంగు మారిందో లేదో చూద్దామంటే ఆయనకు కనపడలేదు.

"ఎవరి రాతో గుర్తుపట్టగలవేమో సూడు సామీ," అని రంగన్న కాగితం అందించాడు.

శ్రీపాదరావు దాన్ని తీసుకుని వెలుతురు కోసం కిటికీ దగ్గరికి పోయాడు. ముందు అక్షరాలు చూశాడు. తర్వాత ఆయన బొటనవేలు కాగితం ఎడమ అంచు వెంబడి, పైనుంచి కిందికి, నెమ్మదిగా జారింది. నడుమ ఒకచోట ఆగింది. మళ్ళీ జారింది.

అప్పుడు గుర్తొచ్చింది లక్ష్మప్పకు. సూది! వరుసలు సరిగ్గా రావాలని అంచు పొడుగునా బెజ్జాలు పెట్టాడు. ఎడమచేత్తో రాశాడు, వేరే ఊరి పోస్టులో వేశాడు, ఇంత చేసీ మూడేళ్ళ అలవాటు కొద్దీ తన బెజ్జాలు తనే గుచ్చి పంపాడు. ఏడాదిగా పక్కబల్లమీద ఈ మనిషి కళ్ళముందు అట్లాంటి కాగితాలు ఎన్ని దొర్లాయో! ఇప్పుడు ఒక్కమాట అంటే చాలు, ఉత్తరం రాసింది ఎవరో తెలిసిపోతుంది, బెజ్జాలెందుకో తెలిసిపోతుంది, సాయంత్రానికి బల్ల ఖాళీ.

శ్రీపాదరావు కాగితం మడిచి రంగన్న ముందు పెట్టాడు.

"ఎవరు రాశారో నాకు తెలీదు సార్," అన్నాడు.

కవరు సంగతి అడిగితే సంచీలోంచి తీసి చూపించాడు. కార్డు పుస్తకానికి తీయించిన జిరాక్సు కాగితాలు, రెండు వందల పేజీలు. బజారి ఊరికే ఇచ్చాడట. రంగన్న ఆ కాగితాలు తిప్పి చూశాడు గానీ, మనసులో ముల్లు పోలేదు. చీరె రంగులు తెరమీదనే చూసుకునే అవకాశం వదులుకుని ఇదెందుకు సామీ, పుస్తకం ఒక్కటేనా కారణం అని అడిగాడు.

"ఇంకొకటి ఉంది సార్. అది చెప్పాల్సింది నేను కాదు."

ఆ జవాబు ఆయన కొంప ముంచింది. నక్షా లేని అట్టలతో ఇరవై రోజులు మగ్గం నిలబడిన సంగతి రంగన్నకూ గుర్తే, అందుకని పుస్తకం ఉన్న కార్డే తెమ్మన్నాడు. కానీ దాపరికం ఉన్న మనిషి ఈ గదిలో వద్దని, కార్డు పెట్టి నడిపించాక శ్రీపాదరావు ఆదోనిలోని సంఘం నూలు గోడౌనుకు పోవాలని, వచ్చే నెలతో ముగిసే ఏడాది ఒప్పందం ఇక పొడిగించేది లేదని చెప్పాడు. శ్రీపాదరావు సరే సార్ అన్నాడు. లక్ష్మప్ప వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

ఇక లక్ష్మప్పకు నిద్రాహారాలు కరువయ్యాయి. నిజంగా గుర్తుపట్టాడా, పట్టలేదా? పట్టి ఉంటే ఎందుకు నోరు విప్పలేదు? ఊరికే మేలు చేసేవాళ్ళు లోకంలో లేరని ఆయన నమ్మకం. తన జుట్టు చేతిలో పట్టుకున్నాడు, అవసరం వచ్చినప్పుడు గుంజుతాడు. ఆ గుంజేది ఎప్పుడా అని పదిరోజులు ఎదురుచూశాడు. శ్రీపాదరావు మామూలుగానే వచ్చాడు, మామూలుగానే బాగున్నారా అన్నా అన్నాడు. ఆ మామూలుతనమే లక్ష్మప్పను ఎక్కువ భయపెట్టింది. ఒకరోజు శ్రీపాదరావు మంచినీళ్ళు అందిస్తే తాగకుండా పక్కన పెట్టేశాడు.

కార్డు వచ్చింది. శ్రీపాదరావు దాన్ని దూర్చి, పుస్తకం ముందు పెట్టుకుని నాలుగు రోజులు కొట్టిందే కొట్టి, మొత్తానికి నడిపించాడు. పోయేరోజు పొద్దున జిరాక్సు కాగితాలన్నీ దారంతో కుట్టి తెచ్చి లక్ష్మప్ప బల్ల సొరుగులో పెట్టాడు. "రేపు ఎవరొచ్చినా దీన్ని చూసి నడుపుతారన్నా. నాతో పనిలేదు," అన్నాడు. గొడుగు చంకలో పెట్టుకుని తొమ్మిది గంటల బస్సుకు ఆదోని వెళ్ళిపోయాడు. ఆయన పోతుంటే లక్ష్మప్ప సొరుగు తెరిచి, పుస్తకంలో ఇంకేమన్నా దాచిపెట్టాడేమోనని పేజీలు దులిపి చూశాడు. ఏమీ రాలలేదు.

గదిలో ఎవరూ లేరు. మిషను ముందు కూర్చుని, నేర్పిన మీట నొక్కాడు.

తెర నల్లబడింది. ఆ నలుపులో తెల్లటి గళ్ళు లేచాయి. ఒక్కొక్కటి బొటనగోరంత. గీత గీతలాగా ఉంది, ఎక్కడా అలుక్కుపోలేదు, ఎక్కడా ఇంకిపోలేదు. మూడేళ్ళ తర్వాత లక్ష్మప్ప ఒక గడిని గడిగా చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే, గళ్ళు మళ్ళీ చెదిరిపోతాయని కంగారుగా తుడుచుకున్నాడు.

బాణం గుర్తున్న మీట నొక్కితే ఒక తెల్లచుక్క గడి గడికీ జరిగింది. ఒకటి, రెండు, మూడు. ఎనిమిదో గడి దగ్గర మిషను కిచ్చుమని చిన్న చప్పుడు చేసింది. పాడైందేమోనని చెయ్యి తీసేశాడు. మళ్ళీ నొక్కాడు. పదహారో గడి దగ్గర మళ్ళీ కిచ్చుమంది. అప్పుడు తెర ఎడమ అంచు చూశాడు. అంచు పొడుగునా, ఎనిమిది గళ్ళకొకటి చొప్పున, కాగితాన్ని వెలుతురుకు పెడితే సూది బెజ్జాలు మెరిసినట్టు, చుక్కలు బారుగా దిగి ఉన్నాయి.

లక్ష్మప్ప వేలు పోయి మొదటి చుక్కను తడిమింది. అద్దం నున్నగా తగిలింది.

ఇది నాలుగు రోజుల పని కాదు. ఉత్తరానికి ముందు నుంచే, బజారి అమ్మ అద్దాలు పెట్టుకున్న రోజుకు ముందు నుంచే, ఈ మనిషికి తన కళ్ళ సంగతి తెలుసు. మసక చూపుకు ఏ తెరమీద గీత నిలుస్తుందో చూడడానికే ఆ అద్దాలు అడిగాడు. రంగులు వద్దన్నది తనకోసమే. చెప్పాల్సింది నేను కాదు అన్నదీ తనకోసమే. ఆ ఒక్క ముక్క రంగన్న చెవిలో వేసి ఉంటే శ్రీపాదరావు ఉద్యోగం ఆయనకు ఉండేది, తన బల్ల పోయేది. ఆ మనిషి ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాను తాగలేదు. సిగ్గుతో లక్ష్మప్ప తల దించుకున్నాడు, చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా.

ఇప్పుడు నోరు మూసుకుంటే అంతా సవ్యంగానే ఉంటుంది. గళ్ళు కనపడుతున్నాయి. ఇంకో పదేళ్ళు నెమలి మెడ వంకరపోదు. అయినా ఆయన లేచి, ఒక తెల్లకాగితం తీసుకుని, అంచు పొడుగునా సూదితో గుచ్చి, రంగన్న గదిలోకి నడిచాడు.

"రంగన్నా, ఆ ఉత్తరం ఉండాదా? తియ్యి. దీని పక్కన పెట్టి ఎండకు సూడు."

రంగన్న రెండూ కిటికీకేసి పట్టుకున్నాడు. తర్వాత లక్ష్మప్పను కిందికీ పైకీ చూసి, "ఇది నీ పనా లక్ష్మప్పా?" అన్నాడు.

"నాదే. గళ్ళు కనపడక మూడేండ్లాయ. ఇట్లా గుచ్చుకోని తడుముకుంటాండా. ఆ సామికి తెలుసు. తెలిసి గూడా నా బల్ల పోతాదని సెప్పల్యా. నేను ఆయన అన్నం తీసినా."

రంగన్నకు కోపం ముంచుకొచ్చింది. ఇంతకాలం మోసం చేశావని, ఒక అమాయకుడి మీద బురద చల్లావని నానా మాటలూ అన్నాడు. లక్ష్మప్ప తల వంచుకుని అన్నీ పడ్డాడు. నీ బల్ల సంగతి కమిటీలో తేలుస్తాం, నీకు ఉంటుందని నేను మాట ఇవ్వలేనని రంగన్న అంటే, సరే అన్నాడు.

"బల్ల నీ ఇష్టం. ఆ సామిని మాత్రం ఈడికి పిలిపియ్యి."

"నేను యాడ పిలిపించేది? పంపించింది నువ్వు. నువ్వే పోయి పిల్చుకోని రా."

లక్ష్మప్ప చొక్కా అంచులోని సూది తీసి రంగన్న బల్లమీద పెట్టి, బస్టాండుకు వచ్చాడు. మూడు బస్సులు నిలబడి ఉన్నాయి, మూడింటికీ నొసట బోర్డులున్నాయి. అలవాటు కొద్దీ నిలిచే చోటు చూసి ఎక్కబోయి ఆగాడు. పక్కనే ఒక ముసలామె గంపలో మిరపకాయలు పెట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా, నాకు కండ్లు సరిగ్గా కనపడవు," అన్నాడు, నలుగురూ వినేటట్టు. "ఆదోని బస్సు ఏది?"

ఆమె వేలు చూపించి, వేలు కూడా కనపడదేమోనని ఆయన చెయ్యి పట్టుకుని నడుమ బస్సు దగ్గరికి తీసుకుపోయింది. "ఇదే నాయనా, ఎక్కు," అంది.

ఆమె చెప్పింది నిజమో కాదోనని ఇంకొకరిని అడగకుండా లక్ష్మప్ప ఎక్కి కూర్చున్నాడు.